సర్ ఐజాక్ న్యూటన్ – ఒక రైతుబిడ్డ కథ

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

న్యూటన్ పేరు వినని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. ఆర్ట్సు వాళ్లకైనా ఆపిల్ పండు కథ తెలుసు. ఇక మన సైన్సు వాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. హైస్కూల్లో మూడు గమన నియమాలు బట్టీ పట్టిన నాటి నుంచి పరీక్ష ముందు రాత్రి వరకు ఆయన మన వెంటే ఉంటాడు. అయితే ఆ నియమాలు రాసిన మనిషి ఎవరి బిడ్డ, ఎలా పెరిగాడు, ఎవరు చదివిస్తే చదివాడు అన్నది మన టెక్స్టు పుస్తకాల్లో ఉండదు. బొమ్మ కింద పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం వేసి వదిలేస్తారు.

ఈ వ్యాసం రాయడానికి నాకొక కారణం ఉంది. ఇంటర్ చదివేటప్పుడు సెలవుల్లో ఒకరోజు మా నాయన గేదెల్ని మేపుకు రమ్మని నన్ను చెరువు కిందకి పంపాడు. నేను తుమ్మచెట్టు నీడన కూర్చుని ఫిజిక్సు పుస్తకం చదువుతూ లోకం మరిచిపోయాను. గేదెలు పక్కవాళ్ల జొన్నచేలో పడ్డాయి. వాళ్లు వాటిని బందెలదొడ్డికి తోలారు. మా నాయన డబ్బు కట్టి విడిపించుకొచ్చి, ఆ రాత్రి అన్నం దగ్గర నన్నొక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తర్వాత మన కాలేజీ లైబ్రరీలో న్యూటన్ జీవితచరిత్ర చదువుతుంటే, 1659లో అచ్చం ఇలాంటి తప్పుకే ఆయనకూ జరిమానా పడిందని ఉంది! పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. అప్పటి నుంచీ ఆయన నాకు గోడ మీది పటంలా కాక మా ఊరి మనిషిలాగా కనిపిస్తున్నాడు.

తండ్రిని చూడని బిడ్డ

ఇంగ్లండులో లింకన్‌షైర్ అనే జిల్లాలో వూల్స్‌థార్ప్ అనే చిన్న పల్లె ఉంది. పొలాలు, గొర్రెల మందలు తప్ప ఇంకేమీ చెప్పుకోదగ్గవి లేని ఊరు. అక్కడ ఐజాక్ న్యూటన్ అనే రైతు ఉండేవాడు. పొలం, గొర్రెలు, సొంత ఇల్లు ఉన్న మోతుబరి. కానీ సంతకం చేయడం రాదు. పెళ్లయిన కొద్ది నెలలకే ఆయన చనిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలకు 1642 డిసెంబరు 25న భార్య హన్నాకు నెలలు నిండకుండానే మగపిల్లవాడు పుట్టాడు. తండ్రి పేరే పిల్లవాడికి పెట్టారు. బిడ్డ ఎంత చిన్నగా ఉన్నాడంటే, బతుకుతాడని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఆ బిడ్డే ఎనభై నాలుగేళ్లు బతికాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. గెలీలియో చనిపోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడని చాలామంది గొప్పగా చెబుతారు. అప్పట్లో ఇంగ్లండులో పాత క్యాలెండరు వాడేవారు. ఇప్పటి క్యాలెండరు ప్రకారం న్యూటన్ పుట్టినరోజు 1643 జనవరి 4. గెలీలియో పోయింది 1642 జనవరి 8. కనుక రెండూ ఒకే క్యాలెండరుతో లెక్కిస్తే ఏడాది తేడా వస్తుంది. క్విజ్ పోటీలకు పోయేవాళ్లు గుర్తుంచుకోవాలి.

పిల్లవాడికి మూడేళ్లు వచ్చాయి. తల్లి బర్నబాస్ స్మిత్ అనే వయసు మళ్లిన చర్చి గురువును మళ్లీ పెళ్లి చేసుకుని పక్క ఊరికి వెళ్లిపోయింది. కొడుకును మాత్రం తనతో తీసుకుపోలేదు. అమ్మమ్మ దగ్గర వదిలేసింది. తల్లి ఉన్న ఊరు మైలున్నర దూరం. ఆ వయసులో బిడ్డకు తల్లి లేకపోవడం ఒక బాధ అయితే, ఉండి కూడా దగ్గర లేకపోవడం ఇంకో బాధ. ఏడేళ్లకు పైగా అలాగే గడిచింది. పందొమ్మిదేళ్ల వయసులో తాను చేసిన పాపాలన్నీ న్యూటన్ ఒక నోటుపుస్తకంలో జాబితా రాసుకున్నాడు. సవతి తండ్రినీ తల్లినీ ఇంటితో సహా తగలబెడతానని చిన్నప్పుడు బెదిరించినట్లు అందులో ఒప్పుకున్నాడు. పెద్దయ్యాక ఎవరినీ నమ్మక, ఎవరు చిన్న మాటన్నా మనసులో పెట్టుకునే ఆయన గుణానికి బీజం ఇక్కడే పడిందని చరిత్రకారులు చాలామంది అంటారు.

1653లో స్మిత్ చనిపోయాడు. తల్లి ముగ్గురు చిన్నపిల్లలతో వూల్స్‌థార్ప్‌కు తిరిగొచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే ఐజాక్‌ను ఏడెనిమిది మైళ్ల దూరంలోని గ్రాంథం పట్నంలో హైస్కూల్లో వేశారు. అక్కడ క్లార్క్ అనే మందుల షాపు ఆయన ఇంట్లో ఉంటూ చదువుకున్నాడు. మొదట్లో క్లాసులో వెనకబెంచీ కుర్రాడే. కానీ చేతిపని బాగా వచ్చు. చిన్న చిన్న సుత్తులు, రంపాలు కొనుక్కుని గాలిమర బొమ్మలు, నీటి గడియారాలు చేసేవాడు. ఎండ నీడను బట్టి పొద్దు చెప్పే నీడగడియారాలు గోడల మీద చెక్కేవాడు. ఎండ పొడ చూసి టైము చెప్పడం మన ఊళ్లలో పెద్దవాళ్లందరికీ తెలిసిన విద్యే. ఆ కుర్రాడు దానికి గీతలు గీసి, లెక్క కట్టాడు. తేడా అంతే.

సేద్యం రాని రైతు

పదహారు, పదిహేడేళ్లు వచ్చేసరికి తల్లి ఇక చదువు చాలు, ఇంటికి రమ్మంది. పొలం ఉంది, పశువులున్నాయి, చూసుకోవాలి కదా! పెద్దకొడుకు అన్నవాడు చేయాల్సిందదే. తల్లిని తప్పుపట్టడానికి లేదు. మన ఇళ్లలోనూ ఇదే మాట ఎన్నిసార్లో విన్నాం.

ఐజాక్ ఇంటికొచ్చాడు కానీ మనసు రాలేదు. గొర్రెల్ని కాయమంటే చెట్టు కింద పుస్తకం తెరిచేవాడు, లేకపోతే వాగులో చిన్న నీటిచక్రం పెట్టి అది తిరగడం చూస్తూ కూర్చునేవాడు. శనివారం సంతకు పంపితే తోడొచ్చిన పాలేరుకే బేరాలన్నీ అప్పగించి, తాను పాత మందుల షాపు ఆయన ఇంటి అటక ఎక్కి పుస్తకాలు చదువుకునేవాడు. గుర్రాన్ని కళ్లెం పట్టుకుని నడిపిస్తూ ఆలోచనలో పడి, గుర్రం ఎప్పుడో తప్పించుకుపోతే ఉత్త కళ్లెం చేతపట్టుకుని ఇల్లు చేరాడని ఒక కథ కూడా ఉంది. ఇది ఎంతవరకు నిజమో గానీ, జరిమానా సంగతి మాత్రం నిజం. 1659 అక్టోబరులో ఊరి కోర్టు రికార్డులో అది రాసి ఉంది. తన గొర్రెలు ఇతరుల పొలాల్లో పడి పాడుచేసినందుకు మూడు షిల్లింగుల నాలుగు పెన్నీలు. తన పందులు పైరులో పడినందుకు ఒక షిల్లింగు. కంచె బాగుచేసుకోనందుకు ఇంకో షిల్లింగు. మొత్తం అయిదు షిల్లింగుల నాలుగు పెన్నీలు. రేపు విశ్వానికి నియమాలు రాయబోయేవాడు ఆనాడు ఊరి నియమాలు తప్పి దోషిగా నిలబడ్డాడన్న మాట!

అక్కడితో కథ ఆగిపోవాల్సిందే. ఆగలేదంటే ఇద్దరు మనుషులు కారణం. ఒకరు మేనమామ విలియం. ఆయన కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు. రెండో ఆయన గ్రాంథం హెడ్‌మాస్టరు హెన్రీ స్టోక్స్. కుర్రాణ్ని పొలంలో పెట్టి పాడుచేయవద్దని ఇద్దరూ తల్లికి నచ్చచెప్పారు. హెడ్‌మాస్టరు ఫీజు కూడా వద్దన్నాడు, తన ఇంట్లోనే ఉంచుకుంటానన్నాడు. చివరికి ఆ తల్లి ఒప్పుకుంది. 1660లో ఐజాక్ మళ్లీ స్కూలుకు వెళ్లాడు. ఈ ఇద్దరి పేర్లు ఏ ఫిజిక్సు పుస్తకంలోనూ కనిపించవు. నా లెక్కలో మాత్రం మూడు గమన నియమాల్లో వీళ్లకూ వాటా ఉంది.

తోటి విద్యార్థులకు సేవకుడు

1661 జూన్‌లో కేంబ్రిడ్జి యూనివర్సిటీలో ట్రినిటీ కాలేజీలో చేరాడు. చేరింది మామూలు విద్యార్థిగా కాదు, సబ్‌సైజర్‌గా. అంటే ఫీజు తగ్గిస్తారు. దానికి బదులు అధ్యాపకులకూ, డబ్బున్న విద్యార్థులకూ పనులు చేసిపెట్టాలి. తెల్లారే నిద్రలేపడం, బూట్లు శుభ్రం చేయడం, భోజనం వడ్డించడం, వాళ్లు తిన్నాక మిగిలింది తినడం – ఇలాంటివి. తల్లికి డబ్బు లేక కాదు. ఏటా మంచి రాబడే ఉండేది. ఈ చదువు మీద ఆమెకు నమ్మకం లేదు, అంతే.

ఆ రోజుల్లో యూనివర్సిటీలో రెండు వేల ఏళ్ల కిందటి అరిస్టాటిల్ శాస్త్రమే చెప్పేవారు. న్యూటన్ పాఠాలు పాఠాలుగా వదిలేసి డెకార్ట్, గెలీలియో, కెప్లర్ చెప్పిన కొత్త సంగతుల వెంటపడ్డాడు. లెక్కలు దాదాపు సొంతంగానే నేర్చుకున్నాడు. కంటికీ ఎముకకూ మధ్య ఒక మొద్దు సూది దూర్చి నొక్కి, ఏ రంగులు కనిపిస్తాయో రాసుకున్నాడు. కన్ను పోకపోవడం అదృష్టం. (ల్యాబులో ఎవరూ ప్రయత్నించవద్దని మనవి!) 1664లో స్కాలర్‌షిప్పు వచ్చింది. దాంతో ఊడిగం తప్పింది. 1665లో బి.ఏ. పాసయ్యాడు.

కాలేజీ మూసిన రోజులు

ఆ ఏడే ఇంగ్లండులో ప్లేగు వచ్చింది. లండన్‌లో జనం వేలకు వేలు చచ్చిపోతుంటే కేంబ్రిడ్జి కాలేజీలన్నీ మూసేశారు. న్యూటన్ సొంతూరు వూల్స్‌థార్ప్ చేరాడు. మధ్యలో కొన్నాళ్లు తప్ప 1667 వసంతం దాకా అక్కడే ఉన్నాడు. జరిమానా పడిన ఆ ఊరే, ఆ పొలాలే. ఈసారి మాత్రం గొర్రెలు కాయమని ఎవరూ అడగలేదు కాబోలు.

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసు. మనకంటే మూడు నాలుగేళ్లు పెద్ద, అంతే. ఆ కొద్ది కాలంలో కలన గణితానికి పునాది వేశాడు. గాజు పట్టకంతో ఎండను విడగొట్టి, తెల్లని వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉన్నాయన్న ఆలోచనకు దారి వేసుకున్నాడు. ఆపిల్ కూడా ఇక్కడిదే. నెత్తిన పడిందన్నది తర్వాత కల్పించింది. తోటలో పండు రాలడం చూసి ఆలోచన వచ్చిందని మాత్రం ముసలితనంలో ఆయనే స్నేహితులకు చెప్పాడు.

పండు రాలడం కొత్త సంగతి కాదు. పండును లాగే బలం చెట్టు కొన దాకానే ఉంటుందా, కొండ కొన దాకా ఉంటుందా, చంద్రుడి దాకా పోతుందా అన్నదే అసలు ప్రశ్న. పోతే చంద్రుడు ఎందుకు పడడం లేదు?

దీన్ని మా ఊరి భాషలో చెబుతాను. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలేవాళ్లు వడిసెల తిప్పడం చూసే ఉంటారు. రాయి గుండ్రంగా తిరుగుతున్నంతసేపూ చేతిని బయటికి లాగుతున్నట్లుంటుంది. నిజానికి తాడే రాయిని లోపలికి లాగుతోంది. తాడు కొస వదిలిన మరుక్షణం రాయి గుండ్రంగా పోదు, తిన్నగా పోతుంది. అంటే తిన్నగా పోవడం రాయి స్వభావం. దాన్ని వంచింది తాడు. న్యూటన్ తన పుస్తకంలో ఈ వడిసెల ఉదాహరణే ఇచ్చాడని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చంద్రుడు రాయి, భూమి ఆకర్షణ తాడు. తాడు కంటికి కనపడదు, అదొక్కటే తేడా. చంద్రుడు పడుతూనే ఉన్నాడు. కానీ పక్కకు కూడా పోతున్నాడు కనుక భూమికి తగలకుండా చుట్టూ తిరుగుతున్నాడు.

లెక్క కూడా చూడండి. చెట్టు నుంచి రాలిన పండు మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. భూమి కేంద్రం నుంచి చంద్రుడు భూమి వ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు. ఆకర్షణ దూరం వర్గాన్ని బట్టి తగ్గితే, అక్కడ 60ని 60తో హెచ్చించినంత, అంటే 3600 రెట్లు తక్కువ ఉండాలి. 4.9 మీటర్లను 3600తో భాగిస్తే సుమారు 1.36 మిల్లీమీటర్లు. చంద్రుడు సెకనుకు సుమారు ఒక కిలోమీటరు పక్కకు పోతూ, తిన్నని దారి నుంచి సరిగ్గా అంతే కిందికి వంగుతున్నాడు! ఒక నిమిషం పాటు లెక్కిస్తే 4.9 మీటర్లు. పండు సెకనులో పడేది చంద్రుడు నిమిషంలో పడతాడు. ఈ లెక్క వేసుకున్న రోజు రాత్రి హాస్టల్ డాబా ఎక్కి చాలాసేపు చంద్రుణ్ని చూశాను.

కానీ న్యూటన్‌కు ఆనాడు భూమి కొలత సరైనది దొరకలేదు. లెక్క కచ్చితంగా కుదరలేదు. ఆలోచన కూడా ఇంకా సగంలోనే ఉంది. కాగితాలు పక్కన పెట్టేశాడు. ఒక్క రోజులో పండు పడింది, సిద్ధాంతం పుట్టింది అనుకోవడం తప్పు. మధ్యలో ఇరవై ఏళ్లున్నాయి.

ఖాళీ క్లాసులో పాఠం

కేంబ్రిడ్జికి తిరిగొచ్చాక 1669లో ఇరవై ఆరేళ్ల వయసులోనే లెక్కల ప్రొఫెసరయ్యాడు. అయితే పాఠం చెప్పడంలో ఆయనకు పేరేమీ లేదు. వినడానికి వచ్చేవాళ్లే తక్కువ, అర్థమయ్యేవాళ్లు ఇంకా తక్కువ. ఒక్కోసారి ఎవరూ రాకపోతే గోడలకే చెప్పి వచ్చేవాడని ఆయన దగ్గర పనిచేసిన గుమాస్తా తర్వాత చెప్పాడు. మన లెక్చరర్లు దీన్ని చదివి ధైర్యం తెచ్చుకోవాలని కోరుతున్నాను!

1668లో అద్దం పెట్టి చిన్న దూరదర్శిని తయారుచేశాడు. అద్దం పోత పోయడం, సానపట్టడం అన్నీ సొంత చేతులతోనే. దాన్ని చూసి 1672లో రాయల్ సొసైటీ సభ్యుణ్ని చేశారు. అదే ఏడు వెలుగు, రంగుల మీద వ్యాసం పంపిస్తే రాబర్ట్ హుక్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు తప్పులు పట్టాడు. దాంతో న్యూటన్ అలిగి, ఇక ఏదీ అచ్చువేయనన్నంత దూరం వెళ్లాడు. రసవాదం, బైబిల్ అధ్యయనం అంటూ తలుపులేసుకుని ఏళ్ల తరబడి గడిపాడు.

1679లో తల్లికి జబ్బు చేసింది. కబురందగానే న్యూటన్ ఊరికి పరుగెత్తాడు. రాత్రుళ్లు మేలుకుని పక్కనే కూర్చున్నాడు. మందులు తానే ఇచ్చాడు, పుండ్లకు కట్లు తానే కట్టాడు. ఆమె దక్కలేదు. చిన్నప్పుడు ఇల్లు తగలబెడతానన్న కొడుకే చివరి రోజుల్లో ఆమె మంచం వదలలేదు. ఆయన జీవితంలో నాకు ఎక్కువగా నచ్చిన ఘట్టం ఇదే.

చేపల పుస్తకం, ప్రిన్సిపియా

1684 ఆగస్టులో ఎడ్మండ్ హేలీ అనే యువ ఖగోళ శాస్త్రజ్ఞుడు కేంబ్రిడ్జి వచ్చాడు. సూర్యుడి ఆకర్షణ దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంటే గ్రహం ఏ దారిలో తిరుగుతుందని అడిగాడు. దీర్ఘవృత్తమని న్యూటన్ వెంటనే చెప్పేశాడు, ఎప్పుడో లెక్క వేశానన్నాడు. కాగితం వెతికితే దొరకలేదు. మళ్లీ వేసి నవంబరులో పంపాడు. హేలీ ఊరుకోలేదు. పూర్తి పుస్తకం రాయమని వెంటపడ్డాడు. ఇక న్యూటన్ తిండీ నిద్రా మరచి పనిలో మునిగాడు. కంచంలో పెట్టింది పెట్టినట్లే ఉండేదట.

రాయల్ సొసైటీ పుస్తకం వేయాలనుకుంది గానీ పెట్టెలో డబ్బులేదు. చేపల చరిత్ర మీద ఒక పెద్ద పుస్తకం అచ్చువేసి, అది అమ్ముడుపోక చేతులు కాల్చుకుంది. హేలీ సొంత డబ్బు పెట్టాడు. 1687 జూలైలో ప్రిన్సిపియా లాటిన్ భాషలో వెలువడింది. మనం చదివే మూడు నియమాలు ఈ పుస్తకం మొదట్లోనే ఉన్నాయి.

ఈ నియమాలు నాకు క్లాసులో కంటే బండి మీద బాగా అర్థమయ్యాయి. ఎడ్లు లాగడం ఆపితే బండి ఆగిపోతుంది. అందుకే లాగుతుంటేనే కదలిక ఉంటుందని అరిస్టాటిల్ అనుకున్నాడు, మా తాతా అనుకున్నాడు. కానీ ఇరుసుకు కందెన పెడితే అదే బండి ఇంకొంచెం దూరం పోయి ఆగుతుంది. ఘర్షణ తగ్గినకొద్దీ దూరం పెరుగుతుంది. ఘర్షణ అసలే లేకపోతే ఆగనే ఆగదు. గెలీలియో ఈ దారి చూపించాడు, న్యూటన్ మొదటి నియమంగా నిలబెట్టాడు. కదలడానికి కారణం అక్కరలేదు. కదలిక మారడానికి కారణం కావాలి. అదే బలం.

ఖాళీ బండిని ఎద్దులు ఇట్టే పరుగెత్తిస్తాయి. ముప్పై బస్తాల ధాన్యం వేస్తే అవే ఎద్దులు, అదే బలం, కానీ కదలడానికే కష్టం. కదిలాక ఆపడమూ కష్టమే. బలాన్ని బట్టి ద్రవ్యవేగం మారే రేటు ఉంటుందన్న రెండో నియమం ఇదే.

మూడో నియమం దగ్గర మాత్రం నేను చాలా రోజులు తికమకపడ్డాను. ఎద్దు బండిని ఎంత బలంతో ముందుకు లాగితే బండి ఎద్దును అంతే బలంతో వెనక్కి లాగుతుంది కదా, మరి బండి ఎలా కదులుతుంది? సమాధానం ఎద్దు గిట్టల దగ్గర ఉంది. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద లేవు. ఒకటి బండి మీద, ఒకటి ఎద్దు మీద. కనుక ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఎద్దు గిట్టలతో నేలను వెనక్కి తన్నుతుంది, నేల ఎద్దును ముందుకు తోస్తుంది. ఆ తోపు, బండి వెనక్కి లాగేదానికంటే ఎక్కువైతే ఎద్దు ముందుకు పోతుంది. బండి మీదా అంతే. ఎద్దు లాగుడు చక్రాల దగ్గరి అడ్డు కంటే ఎక్కువైతే అది కదులుతుంది. బురదలో గిట్టలు జారితే నేల తోపు అందదు. ఎద్దుకు ఎంత సత్తువ ఉన్నా బండి కదలదు. వానాకాలం మా డొంకలో దిగబడిన బండిని భుజం పెట్టి నెట్టిన ప్రతిసారీ ఈ నియమం గుర్తుకొస్తుంది.

గొప్పతనం, లోపాలు

ఇక్కడితో ఆపితే దేవుడి కథ అయిపోతుంది. న్యూటన్ దేవుడు కాదు. వర్గ నియమం తన ఆలోచనని హుక్ అన్నందుకు కోపం వచ్చి, పుస్తకంలో ఆయన పేరు చాలాచోట్ల కొట్టేశాడు. 1693లో మనసు చెదిరి, స్నేహితులను అనరాని మాటలంటూ ఉత్తరాలు రాశాడు, తర్వాత కోలుకున్నాడు. 1696లో లండన్ టంకశాలలో అధికారిగా చేరాడు. అలంకారపు ఉద్యోగమని అందరూ అనుకున్నదాన్ని నిజంగా చేసి చూపించాడు. దొంగనాణేలు చేసేవాళ్లను వెంటాడి పట్టుకున్నాడు, కొందరిని ఉరికంబం దాకా పంపాడు. 1703లో రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. 1704లో వెలుగు మీద పుస్తకం వేశాడు, అది కూడా హుక్ చనిపోయాకనే. 1705లో ఆన్ రాణి సర్ బిరుదు ఇచ్చింది.

కలన గణితం ఎవరిదన్న విషయంలో జర్మనీకి చెందిన లైబ్నిజ్‌తో పెద్ద తగాదా నడిచింది. 1712లో రాయల్ సొసైటీ విచారణ సంఘం వేసింది. సంఘాన్ని వేసిందీ, వెనక ఉండి నివేదిక నడిపించిందీ న్యూటనే. తన వ్యాజ్యానికి తానే జడ్జి అయితే తీర్పు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఇద్దరూ ఎవరికి వారే కనిపెట్టారని, న్యూటన్ ముందు, అచ్చువేసింది మాత్రం లైబ్నిజ్ ముందని ఇప్పుడు చరిత్రకారులు ఒప్పుకుంటున్నారు. 1720లో షేర్లలో డబ్బు పెట్టి భారీగా పోగొట్టుకున్నాడు కూడా. చంద్రుడి దారి లెక్క కట్టిన మేధావికి బజారు దారి అంతుచిక్కలేదు. పెళ్లి చేసుకోలేదు. పాత క్యాలెండరు ప్రకారం 1727 మార్చి 20న కన్నుమూశాడు. రాజులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, సంతకం రాని రైతు కొడుకును పూడ్చిపెట్టారు.

ఆయన పోయాక కూడా లెక్కలు ఆగలేదు. హేలీ చెప్పినట్లే 1758లో తోకచుక్క తిరిగొచ్చింది. 1846లో కాగితం మీద లెక్కవేసి చూపిన చోట నెప్ట్యూన్ గ్రహం కనపడింది. ఐన్‌స్టీన్ 1905లో, 1915లో ఈ నియమాలకు హద్దులు చూపించాడు. అయినా హద్దుల లోపల అవి ఈనాటికీ చెల్లుతున్నాయి. 1980 జూలై 18న మన శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు పనిచేసింది ఆ మూడో నియమం, ఆ వడిసెల లెక్కే.

చివరి మాట

నాతో పదో తరగతి చదివినవాళ్లలో నాకంటే లెక్కలు బాగా చేసేవాడు ఒకడుండేవాడు. వాడి తండ్రికి నడుం పడిపోయింది. వాడు చదువు ఆపేసి అరక పట్టాడు. పోయిన సంక్రాంతికి ఊరెళ్తే గట్టు మీద కూర్చుని నన్ను అడిగిన మొదటి మాట, ఇప్పుడు లెక్కల్లో ఏం చెబుతున్నారని. నాకు గొంతు పెగల్లేదు. వాడికి సేద్యం బాగానే వచ్చు, న్యూటన్ కంటే నయం. సేద్యం తక్కువ పని అని నేను అనడంలేదు. దాని మీద వచ్చిన డబ్బుతోనే ఈ కాలేజీలో నా ఫీజు కడుతున్నాను. కానీ వాడికి ఎంచుకునే అవకాశమే దొరకలేదు. వాడి ఇంటికి ఏ మేనమామా రాలేదు, ఏ హెడ్‌మాస్టరూ రాలేదు. నా కోసం మాత్రం ఒక మాస్టారు ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి మా నాయనతో మాట్లాడారు. మా ఇద్దరి మధ్య తేడా ఆ ఒక్క సైకిలు ప్రయాణమే.

నిశ్చలంగా ఉన్న వస్తువు, బయటి నుంచి బలం పనిచేసేదాకా నిశ్చలంగానే ఉంటుందని మొదటి నియమం. ఇది వస్తువులకే కాదు, పల్లెటూరి పిల్లల చదువుకూ వర్తిస్తుందని నా నమ్మకం. ఈ సావనీరు చదువుతున్న లెక్చరర్లకూ, మన కాలేజీ నుంచి వెళ్లి ఉద్యోగాల్లో స్థిరపడిన పాత విద్యార్థులకూ, రేపు వెళ్లబోయే మనందరికీ ఒకటే మనవి. మీ ఊళ్లో పశువుల వెనక పుస్తకం పట్టుకుని తిరిగే కుర్రాడో, అమ్మాయో కనపడితే ఒక్కసారి వాళ్ల ఇంటికి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడండి. ఆ పిల్లలు న్యూటన్‌లు కాకపోవచ్చు. అయినా వెళ్లండి.